మంత్రోపసంహారం: ఒక ఆట నియమం చరిత్ర

సాహిత్య చరిత్రకారులు కావ్యాలను, శాసనాలను, జానపద గేయాలను పరిశీలిస్తారు. ఆటల నియమాల పుస్తకాల జోలికి పోరు. వాటిలో పరిశీలించదగినది ఏమీ వుండదని పండితుల నమ్మకం. కాని నియమం కూడా ఒక రచనే. ఎవరికి ఏ శక్తి వున్నది, ఒకడు చేసిన పనిని రద్దు చేసే హక్కు మరొకడికి ఎంతవరకు వున్నది అనే సంగతిని అది కథకంటె సూటిగా బయటపెడుతుంది. కథకుడు తన లోకదృష్టిని వర్ణనల చాటున దాచుకోవచ్చు. నియమం రాసేవాడు అంకె వేయక తప్పదు. ఆ అంకెను పట్టుకొని అతణ్ణి నిలదీయవచ్చు.

అటువంటి ఒక్క నియమాన్ని ఇక్కడ చూద్దాం. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న పట్నం నుంచి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వెలువడింది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాని కర్తలు. పెట్టెలో మూడు పలుచని పుస్తకాలు; మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర: వీరుడు, మాంత్రికుడు, పూజారి. మరొకరు మధ్యవర్తి, ఆ పాత్రలు తిరిగే లోకమంతా ఆయన చేతిలో వుంటుంది. తన పాత్ర ఏమి చేస్తున్నదీ ఆటగాడు నోటితో చెబుతాడు. ఆ పని నెగ్గినదీ లేనిదీ పాచిక తేలుస్తుంది. పురాణ కాలక్షేపానికీ పాచికలాటకూ పెళ్ళి చేసినట్టు వుంటుంది వ్యవహారం.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ఈ ఆటలో మాంత్రికుడికి ఒక స్థాయి వుంటుంది, అతడు వేసే మంత్రానికి మరొక స్థాయి వుంటుంది. సాహసాలు చేసినకొద్దీ మాంత్రికుడు ఒకటో స్థాయి నుంచి పైకి ఎక్కుతూ ఇరవైదాకా, ఆపైకూడా పోవచ్చు. మంత్రాల స్థాయిలు మొదటి పుస్తకంలో ఆరు, తర్వాతి కాలంలో తొమ్మిది. అయిదో స్థాయికి వచ్చిన మాంత్రికుడికి మూడో స్థాయి మంత్రాలు దక్కుతాయి. వాటిలో ఒకటి 'డిస్పెల్ మ్యాజిక్'. ఇతరులు వేసిన మంత్రాన్ని విప్పివేసేది అది. మన మాటలో మంత్రోపసంహారం.

నిరుద్యోగం, భూమి, ధరలు ఇన్ని సమస్యలుండగా ఈ ఆట గొడవ మనకెందుకని మిత్రులు అడగవచ్చు. చేతబడి చేశారన్న అనుమానంతో మనిషిని చంపిన వార్తలు మన జిల్లాలనుంచి ఇప్పటికీ వస్తూనే వున్నాయి. చంపబడేవారు ముసలివాళ్ళు, పేదవాళ్ళు, దిక్కులేనివాళ్ళు. ఆ భయానికి మూలం మంత్రం కాదు; మంత్రానికి నియమం ఏమిటో ఎవరికీ తెలియకపోవటం. కట్టు కట్టేదెలాగో, విప్పేదెలాగో ఊరికి తెలియదు. తెలుసునని చెప్పుకొనేవాడు రెండు చేతులా రుసుము పుచ్చుకుంటాడు. అతడు ఓడిపోతే ఎందుకు ఓడిపోయాడో అడిగే హక్కు ఎవరికీ లేదు. ఈ ఆట చేసిన పని దీనికి సరిగ్గా ఎదురు. మంత్రం ఎంతదూరం పారుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, ఎవరు ఎన్ని పాళ్ళ అవకాశంతో దాన్ని విప్పగలరు అనేదంతా అచ్చువేసి బల్లమీద పెట్టింది. 1980ల అమెరికాలో ఈ ఆట పిల్లలకు క్షుద్రవిద్య నేర్పుతున్నదని మతఛాందసులు గగ్గోలు పెట్టారు. ఆ గగ్గోలుకు జడిసి ప్రచురణకర్తలు రెండవ కూర్పు కాలంలో దయ్యాల పేర్లుకూడా మార్చివేశారు. గగ్గోలు పెట్టినవారు పుస్తకం తెరిచి చదివివుంటే అందులో క్షుద్రవిద్యకంటె గుమాస్తా విద్య ఎక్కువగా కనిపించేది. అయితే బహిరంగమైన చట్టమల్లా న్యాయమైన చట్టం కాదు. ఈ నియమం చరిత్ర ఆ సంగతినే చూపుతుంది.

ఆట పుట్టుక యుద్ధశాస్త్రంలో వున్నది. రైస్విట్జ్ అనే ప్రష్యన్ సైనికాధికారి 1824లో తన యుద్ధక్రీడ నియమాలను ప్రచురించాడు. పటం, పాచికలు, ప్రాణనష్టం లెక్కకట్టే పట్టికలు, తీర్పు చెప్పే మధ్యవర్తి అప్పటికే అందులో వున్నాయి. సోషలిస్టు రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' రాసి, బొమ్మ సైనికుల ఆటను ఇంటి గచ్చుమీదికి తెచ్చాడు. ఆ వరుసలోనే 1971లో గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 'చెయిన్‌మెయిల్' అనే మధ్యయుగ యుద్ధక్రీడను వెలువరించారు. దాని చివర మాంత్రికులను, డ్రాగన్లను చేర్చారు.

మంత్రాన్ని అడ్డుకొనే నియమం మొదట కనిపించేది చెయిన్‌మెయిల్‌లోనే. ఎదుటి మాంత్రికుడి మంత్రాన్ని ఆపదలచినవాడు రెండు పాచికలు వేయాలి. తాను బలవంతుడైతే 7గాని అంతకుమించిగాని పడితే చాలు. బలహీనుడైతే అంతరాన్ని బట్టి 8, 9, 10 లేదా 11 పడాలి. పాచికల లెక్క తెలిసినవారు గ్రహిస్తారు: 7 దాటటానికి ముప్పయ్యారింట 21 దారులు, 11 దాటటానికి కేవలం 3. ప్రతిమంత్రం వేసేవాడి శక్తియావత్తూ ఆ పనికే పోతుంది, మరొక పని చేయలేడు. ఇది ఫిరంగికి ఎదురు ఫిరంగి పెట్టే లెక్క. అప్పటికి మంత్రం ఒక ఆయుధం మాత్రమే.

1974లో స్వరూపం మారింది. ఇప్పుడు మంత్రోపసంహారం దానికదే ఒక మంత్రం. చాలా రకాల మంత్ర ప్రభావాలను అది పోగొడుతుంది. ఏవేవి అనేది మధ్యవర్తి ఇష్టం. విజయావకాశం ఎంత అంటే, విప్పేవాడి స్థాయికి కట్టినవాడి స్థాయికి గల నిష్పత్తి. అయిదో స్థాయివాడు పదో స్థాయివాడి మంత్రాన్ని విప్పబోతే నూటికి 50 పాళ్ళు. ఒక్క వాక్యంలో ఒక్క భిన్నం. ఇంతకంటె తేలికైన నియమం ఆ తర్వాత ఎవరూ రాయలేదని నా అభిప్రాయం.

మన ఇతిహాసాలలో అస్త్రోపసంహారం తెలిసిన పాఠకుడికి ఇక్కడ ఒక భేదం తడుతుంది. భారతంలో సౌప్తిక పర్వం చివర అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరూ అస్త్రాలు ప్రయోగిస్తారు. వెనక్కి తీసుకొమ్మన్నప్పుడు అర్జునుడు తీసుకోగలిగాడు. అశ్వత్థామ తీసుకోలేకపోయాడు, అది పోయి పాండవ స్త్రీల గర్భాలమీద పడింది. రామాయణంలో రాముడు విశ్వామిత్రుడి దగ్గర అస్త్రాలు పుచ్చుకున్న తర్వాత వాటి ఉపసంహారంకూడా చెప్పమని అడుగుతాడు. ప్రయోగించటం వేరు విద్య, ఉపసంహరించటం వేరు విద్య అనేది మన కవుల అవగాహన. ఆ రెండవ విద్య ఎవరికి పట్టుబడుతుందంటే నియమనిష్ఠలు గలవాడికి అని వారి సమాధానం. నిష్ఠను కొలిచే కొలబద్ద ఏదీ లేదు. ఎవరికి వున్నదో కథ ముగిసిన తర్వాతగాని తెలియదు. లేక్ జెనీవా రచయితలు శీలాన్ని తీసివేసి ఆ స్థానంలో స్థాయిని పెట్టారు. ఇది లాభమా నష్టమా అనే చర్చ ఇక్కడ అనవసరం. శీలాన్ని లెక్కవేయటం ఎవరితరమూ కాదు. స్థాయిని లెక్కవేయవచ్చు, తగవుకూడా పడవచ్చు.

తగవు పడ్డారు కనుకనే నియమం మారుతూ వచ్చింది. 1978లో గైగాక్స్ పెద్ద పుస్తకంగా వెలువరించిన 'అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటగాళ్ళ గ్రంథంలో భిన్నం పోయింది, పట్టీ వచ్చింది. మూలావకాశం నూటికి 50. విప్పేవాడు పై స్థాయివాడైతే ప్రతి మెట్టుకూ 5 కలపాలి. కింది స్థాయివాడైతే ప్రతి మెట్టుకూ 2 తీసివేయాలి. గైగాక్స్ ఒకప్పుడు షికాగోలో బీమా సంస్థలో అండర్‌రైటరుగా పనిచేశాడు. మనుషుల ప్రమాదాన్ని పాళ్ళలో రాయటం ఆయనకు ఉద్యోగధర్మం. ఆ ఉద్యోగం ఈ నియమాన్ని రాయించిందని నేను అనను గాని, ఈ పట్టీమీద ఆ చేతివాటం కనిపించకపోదు.

ఈ 5కీ 2కీ గల తేడాను విమర్శకుడు వదలిపెట్టకూడదు. పదో స్థాయివాడు అయిదో స్థాయివాడి మంత్రాన్ని విప్పటానికి 75 పాళ్ళు. అయిదో స్థాయివాడు పదో స్థాయివాడిది విప్పటానికి 40 పాళ్ళు. రెండూ కలిపితే 115. అనగా నియమం కట్టేవాడికంటె విప్పేవాడి పక్షాన వుంది. పైవాడికి బహుమానం ఎక్కువ, కిందివాడికి శిక్ష తక్కువ. గైగాక్స్ వామపక్షీయుడు ఎంతమాత్రమూ కాదు. అయినా ఆ పేజీలో చిన్నవాడిపట్ల ఒక దయ వుంది.

ఇప్పుడు ఒక కొలత పెట్టుకుందాం. మంత్రోపసంహారం అప్పుడే నేర్చిన అయిదో స్థాయి మాంత్రికుణ్ణి, ఇరవయ్యో స్థాయి మహామాంత్రికుడికి ఎదురుగా నిలబెడదాం. చిన్నవాడి అవకాశం ఎంత? 1974 భిన్నం ప్రకారం ఇరవైలో అయిదు, నూటికి 25. 1978 పట్టీ ప్రకారం 20. కొత్తగా నేర్చుకొనేవారికోసం 1981లో వచ్చిన సులభమైన కూర్పులో, స్థాయి తేడా ఒక్కొక్క మెట్టుకు 5 పాళ్ళు ఓటమి అన్నారు. ఆ లెక్కన మళ్ళీ 25. ఈ ధోరణి ఇలాగే సాగివుంటే చరిత్రలో చెప్పవలసినది ఏమీ వుండేది కాదు.

1989లో రెండవ కూర్పు వచ్చింది. అప్పటికి గైగాక్స్ సంస్థనుంచి వెళ్ళిపోయాడు. శాతాల స్థానంలో ఇరవై ముఖాల పాచిక ఒక్కటే నిలిచింది: 11 పడితే గెలుపు, స్థాయి తేడా ఎంత వుంటే అంత కలపటమో తీసివేయటమో చేయాలి. చక్కని సమరూపం. 75కు ఎదురు 25. రెండూ కలిపితే సరిగ్గా 100. విప్పేవాడి పక్షాన వున్న ఆ మొగ్గు మాయమైంది. మన చిన్న మాంత్రికుడికి 26 పడాలి, పాచికమీద వున్నవి 20 మాత్రమే. అయితే 20 పడితే ఎప్పుడూ గెలుపే అనే ఒక మినహాయింపు వుంచారు. కనుక నూటికి 5.

2000లో మూడవ కూర్పు. పాచికకు తన స్థాయి కలిపి, ఎదుటివాడి స్థాయికి 11 కలపగా వచ్చిన సంఖ్యను అందుకోవాలి. పైకి చూస్తే 1989నాటి లెక్కే. కాని ఇందులో 20 పడితే గెలుపనే మినహాయింపు లేదు. చిన్నవాడు 31 అందుకోవాలి. అతడి పాచిక, స్థాయి కలిపి 25 దాటవు. అవకాశం సున్న. నిష్పత్తిగా పుట్టిన నియమం పాతికేళ్ళకు గోడ అయింది. పైగా కలుపుకొనే స్థాయికి 10 గరిష్ఠం అని హద్దు పెట్టటంవల్ల, ఇరవయ్యో స్థాయివాడుకూడా తన సమానుడి మంత్రాన్ని మామూలు ఉపసంహారంతో విప్పలేడు. దానికి ఆరో స్థాయిలో వున్న పెద్ద ఉపసంహారం కావాలి. సమానత్వం ప్రకటించిన చట్టం ఆచరణలో పెద్ద మూలధనం వున్నవాడికే పనికివస్తుందన్న సంగతి విద్యార్థులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. ఎవరూ కుట్రపన్ని ఇలా చేయలేదు. లెక్కను చక్కబరచబోయారు, చక్కబరచిన లెక్కలో మినహాయింపుకు చోటు లేకపోయింది.

ఎవరు విప్పగలరు అనే ప్రశ్న ఇంతవరకు చూశాం. దేనిని విప్పవచ్చు అనేది రెండవ ప్రశ్న. నన్నడిగితే ఇదే గంభీరమైనది.

ఇందులో మొదటినుంచి ఒక మినహాయింపు స్థిరంగా వుంది: ఆస్తి. 1974 వాక్యంలోనే మంత్రశక్తిగల వస్తువులు ఉపసంహారానికి లోబడవని రాశారు. 1978లో అటువంటి వస్తువుమీద నేరుగా వేస్తే ఒక్క విడత మాత్రం పనిచేయకుండా పోతుంది. 2000లో ఒకటినుంచి నాలుగు విడతలు నిద్రపోతుంది. అంతే, మళ్ళీ మేల్కొంటుంది. మనిషిమీది మంత్రం పోతుంది గాని మనిషి చేతిలోని కత్తి పోదు. 1980లలో చేరిన 'మార్డెన్‌కైనెన్స్ డిస్‌జంక్షన్' అనే తొమ్మిదో స్థాయి మంత్రం ఒక్కటే వస్తువులనుకూడా శాశ్వతంగా నిర్వీర్యం చేయగలదు. కాని ఆటగాళ్ళు దాన్ని వేయటానికి వెనకాడతారు. శత్రువు చేతిలోని వస్తువు రేపు గెలిచిన తర్వాత తమ చేతిలోకి వచ్చే వస్తువు. ధ్వంసం చేస్తే దోపిడి సొమ్ము పోతుంది. ఆస్తిని కాపాడేది నియమం ఒక్కటే కాదు, ఆశకూడా.

ఇక రాతిగోడ సంగతి. అయిదో స్థాయి మంత్రాలలో 'వాల్ ఆఫ్ స్టోన్' ఒకటి వున్నది. మాంత్రికుడు శూన్యంలోంచి రాతిగోడను లేపుతాడు. దానితో దారి మూయవచ్చు, అగాధంమీద వంతెన వేయవచ్చు. 1978 పుస్తకంలో ఆ రాయి శాశ్వతం. శాశ్వతమే గాని మంత్రోపసంహారంతో కూల్చవచ్చు. సుత్తితో పగలగొట్టనూ వచ్చు. అనగా వందేళ్ళు నిలిచినా అది మంత్రమే. రాయిలా కనిపించే మంత్రం.

2000లో మూడవ కూర్పు రచయితలు కాలపరిమితులకు నిర్వచనాలు రాశారు. అందులో రెండు మాటల మధ్య తేడా ఈ వ్యాసమంతటికీ కీలకం. 'పర్మనెంట్', అనగా శాశ్వతం: ప్రభావం వున్నంతకాలం దాని వెనక మంత్రశక్తికూడా వుంటుంది. కనుక ఎప్పుడైనా విప్పవచ్చు. 'ఇన్‌స్టంటేనియస్', అనగా క్షణమాత్రం: మంత్రశక్తి ఆ క్షణంలో వచ్చి ఆ క్షణంలోనే పోతుంది, ఫలితం మాత్రం మిగులుతుంది. అక్కడ విప్పటానికి మంత్రం ఏమీ లేదు. కనుక విప్పలేరు. శాశ్వతమైనది రద్దు కావచ్చు. క్షణంలో ముగిసినది రద్దు కాదు! వినటానికి విడ్డూరంగా వున్నా ఇందులో లోతైన భౌతిక దృష్టి వుంది. రాతిగోడను ఈ రెండవ వర్గంలో చేర్చారు. 1978లో రాయిలా వున్న మంత్రం 2000లో నిజంగా రాయి అయింది. అగ్నిగోళం మంత్రానికి కాలిన ఇల్లు ఏ ఉపసంహారంతోనూ లేవదు. మంత్రంతో లేపిన అస్థిపంజరం 'డిస్పెల్ మ్యాజిక్' విని కూలదు. దానితో కర్రలతోనే పోరాడాలి.

విద్యార్థులతో చర్చించినప్పుడు అభ్యంతరం వచ్చేది ఇక్కడే. మంత్రంతో పుట్టినది మంత్రంతో పోవద్దా అంటారు. పోవద్దు. పుట్టుకకు కారణమైనది, మనుగడకు ఆధారమైనది ఒకటే కానక్కరలేదు. ఒక ఫర్మానాతో వేసిన కాలువ ఆ ఫర్మానాను చింపివేస్తే పూడిపోదు. ఒక చట్టంతో పోయిన భూమి ఆ చట్టాన్ని కొట్టివేసినంతమాత్రాన తిరిగి రాదు. దున్నుతున్నవాడి చేతిలోంచి తిరిగి తీసుకోవాలి, లేదా తీసుకోలేకపోవాలి.

2008 నాటి నాలుగో కూర్పును గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. మంత్రాలన్నిటినీ పోరాటపు ఎత్తులుగా మార్చారు. ఉపసంహారం ఆరో స్థాయి మాంత్రికుడి ఎత్తులలో ఒకటిగా కుదించుకుపోయింది. విప్పేవాడి బుద్ధిబలానికి, కట్టినవాడి మనోబలానికి మధ్య పోటీ పెట్టారు. చెయిన్‌మెయిల్ ఫిరంగి లెక్క దొడ్డిదారిన తిరిగివచ్చింది.

2014లో అయిదో కూర్పు రెండు ప్రశ్నలకూ కొత్త సమాధానం చెప్పింది. మూడో స్థాయి, అంతకు తక్కువ మంత్రం ఏదైనా సరే, ఉపసంహారం తగలగానే ముగుస్తుంది. పాచికే అక్కరలేదు. నాలుగో స్థాయి, ఆపై మంత్రాలకైతే మంత్రం స్థాయికి 10 కలిపిన సంఖ్యను అందుకోవాలి. కట్టినవాడు ఎవరు, అతడి స్థాయి ఎంత అనే మాట నియమంలోంచే పోయింది. మన అయిదో స్థాయి మాంత్రికుణ్ణి మళ్ళీ పిలుద్దాం. ఇరవయ్యో స్థాయివాడు వేసినదైనా మూడో స్థాయి మంత్రమైతే అతడు తప్పక విప్పుతాడు. తొమ్మిదో స్థాయి మంత్రమే అయినా, మంచి బుద్ధిబలం వుండి పాచికకు 4 కలుపుకోగలిగితే, 15 పడితే చాలు. నూటికి 30. పాతికేళ్ళు సున్న దగ్గరికో, సున్నకో నెట్టబడినవాడికి 1974నాటికంటె ఎక్కువ అవకాశం దక్కింది.

దీనిని ప్రజాస్వామిక విజయంగా వర్ణించాలనే ఉత్సాహం నాకూ కలుగుతుంది. కాని కారణాలు అంత పవిత్రమైనవి కావు. మొదటి ప్రచురణ సంస్థ అప్పుల్లో మునిగి 1997లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ చేతిలోకి పోయింది. 1999లో ఆ సంస్థనుకూడా హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ కొన్నది. నాలుగో కూర్పుతో పాత ఆటగాళ్ళు చాలామంది విడిపోయారు. వారిని తిరిగి రప్పించటానికి, కొత్తవారిని తేవటానికి, 2012నుంచి ముసాయిదా నియమాలను ఆటగాళ్ళ చేతికే ఇచ్చి ఆడించి చూశారు. కూడికలు తగ్గాలన్నది ఆ అవసరాలలో ఒకటి. ఎదుటి మాంత్రికుడి స్థాయి ఎంతో వెతుక్కోవటం ఆటను ఆపుతుంది. మంత్రం స్థాయి పేజీమీదే వుంటుంది. సరుకు అమ్ముడుపోవటానికి చేసిన సౌకర్యం చిన్నవాడికి హక్కుగా పరిణమించింది. చరిత్రలో ఇటువంటివి జరుగుతూనే వుంటాయి.

రాతిగోడకు చేసిన మార్పు ఇంతకంటె సూక్ష్మమైనది. 2014 ప్రకారం గోడ లేపిన మాంత్రికుడు పది నిమిషాలు ఏకాగ్రత నిలుపుకోవాలి. మధ్యలో ఏకాగ్రత చెదిరితే గోడ మాయమవుతుంది, ఎవరైనా ఉపసంహరించవచ్చు. పది నిమిషాలు పూర్తిగా నిలబెట్టితే గోడ శాశ్వతమవుతుంది, ఇక విప్పరాదు. 1978లో ఎప్పటికీ మంత్రం. 2000లో మొదటి క్షణంనుంచే రాయి. 2014లో పది నిమిషాల శ్రమ తర్వాత రాయి. పరిమాణం పెరిగిపెరిగి ఏదో ఒక ఘట్టంలో గుణంగా మారుతుందని మన పాఠ్యగోష్ఠులలో నీరు మరగటాన్ని ఉదాహరణగా చెప్పి చెప్పి అరగదీశాం. ఈ గోడను వాడుకోవచ్చు. ఆ పది నిమిషాలలోపల అడ్డుకోవాలి. ఆ తర్వాత అంగుళానికి 30 దెబ్బల లెక్కన పగలగొట్టాలి. ఆరు అంగుళాల మందపు పలకకు 180.

అయిదో కూర్పు రచయితలు తర్వాత ఇచ్చిన వివరణలలో ఇంకొక విభజన చేశారు. డ్రాగన్ నిప్పు కక్కటం మంత్రమా, దాన్ని ఉపసంహరించవచ్చా అని ఆటగాళ్ళు అడిగారు. ఆ లోకపు ప్రకృతిలోనే కలిసివున్న మాయ వేరు, ఎవరో కూడగట్టి ప్రయోగించిన మాయ వేరు అని సమాధానం. విప్పగలిగేది రెండవదానినే. మొదటిది ఆ లోకానికి శరీరధర్మం. 2024 సవరణలో, కొనసాగుతున్న మంత్రం మాత్రమే ముగుస్తుందని ఒక్క మాట చేర్చి ఈ హద్దును ఇంకా స్పష్టం చేశారు. ఇక్కడ నాకు పూర్తి అంగీకారం లేదు. ఏది ప్రకృతి, ఏది ఒకరు కూడగట్టినది అనే తీర్పు ఎప్పుడూ పుస్తకం రాసినవాడి చేతిలోనే వుంటున్నది. మన సమాజంలోకూడా ఎవరెవరో కూడగట్టిన ఏర్పాట్లు ఎన్నో ప్రకృతి పేరుతో ఉపసంహారాన్ని తప్పించుకున్నాయి. కులం అందుకు మొదటి సాక్షి.

ఈ నియమాల యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్న చివరకు నిజజీవితంలోనే వచ్చింది. 2000లో విజర్డ్స్ సంస్థ తన నియమాలలో పెద్దభాగాన్ని ఇతరులు వాడుకొని పుస్తకాలు వేసుకోవచ్చునంటూ ఒక బహిరంగ లైసెన్సు ఇచ్చింది. చిన్న చిన్న ప్రచురణకర్తలు ఎందరో దానిమీద ఆధారపడి బతికారు. 2023 జనవరిలో ఆ లైసెన్సును రద్దుచేసి, ఎక్కువ షరతులతో మరొకటి తేవాలన్న ముసాయిదా బయటికి పొక్కింది. ఆటగాళ్ళు, రచయితలు ఒక్కసారిగా లేచారు. సంస్థ వాదనకు ఆధారం ఒక్క మాట. పాత లైసెన్సులో 'పర్పెచ్యువల్', అనగా శాశ్వతం అని వున్నది. 'ఇర్రివోకబుల్', అనగా తిరిగి తీసుకోరానిది అని లేదు. ఇరవైమూడేళ్ళనాడు అదే సంస్థ, అదే సంవత్సరంలో తన మంత్రాల నిర్వచనాలలో ఏ తేడా రాసిందో ఆ తేడాయే ఇది. శాశ్వతమైనదాన్ని విప్పవచ్చు.

విప్పలేకపోయారు. 2023 జనవరి 27న సంస్థ వెనక్కి తగ్గింది. పాత లైసెన్సును కదిలించబోమని ప్రకటించటమే కాక, అయిదో కూర్పు మూలనియమాల గ్రంథాన్ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. ఆ పత్రంలో తిరిగి తీసుకోరానిదన్న మాట వున్నది. అలా విడుదలైన గ్రంథంలో రాతిగోడ మంత్రమూ వున్నది, మంత్రోపసంహారమూ వున్నది.